తలదాచుకొను చోటు, తల యెత్తుకొను చోటు

ఇల్లు లేనివారిని గురించి మాటలాడునపుడు మనము ‘తలదాచుకొనుటకు చోటు లేదు’ అందుము. ఎండనుండి, వాననుండి, లాఠీనుండి, దారిన పోవువారి చూపునుండి తలను దాచుకొనవలెనని ఆ మాటకు అర్థము. అట్టి చోటు చూపుట ప్రభుత్వమునకును సంఘమునకును మొదటి విధి. ఇందు వాదమునకు తావు లేదు. అయితే మనుష్యుడు బ్రదికినంతకాలము తలను దాచుకొనియే యుండజాలడు. ఎన్నడో ఒకనాడు పదిమంది నడుమ దానిని ఎత్తుకొనవలెను. ఆ రెండవ చోటును గురించి ఈ వారము మా పాఠకులతో, అందును ముఖ్యముగ ఉపాధ్యాయులతోను విద్యార్థులతోను, కొంత ముచ్చటింప దలచినాము.

గత నలుబది సంవత్సరములుగ లండను, లాస్ ఏంజెలిస్, ఒసాకా మున్నగు నగరములలో ఒక ప్రయత్నము సాగుచున్నది. వీథులలోను, రాత్రి ఆశ్రయములలోను కాలము గడపినవారిని చేరదీసి, వారితో కలసి పాటలు పాడుట, నాటకములాడుట, చిత్రములు వ్రాయుట, కవిత్వము చెప్పుట ఈ ప్రయత్నముయొక్క స్వరూపము. ఈ సంగతి విన్నంతనే మనకు గుర్తువచ్చు సామెత యొకటున్నది: మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె. కప్పు లేనివానికి కావలసినది కప్పు గాని పాట కాదని, ఆ ధనముతో నాలుగు గదులు కట్టింపరాదా యని పెద్దమనుష్యులు అనేకులు అడుగుచుందురు. ఈ ఆక్షేపణ తేలికగ త్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము చెప్పలేని కళాకార్యక్రమమునకు నిలుచుటకు హక్కు లేదు.

కనుక ఇల్లు పోయినవానికి ఇంకను పోవునవేవో మొదట చూతము. 2011 జనగణనలో మన దేశమున సుమారు 17.7 లక్షలమంది ఇల్లు లేనివారుగ లెక్కకు వచ్చిరి. పట్టణములలో వీరి సంఖ్య 2001లో 7.78 లక్షలు ఉండగా 2011 నాటికి 9.38 లక్షలైనది. వంతెనల క్రిందను, రైలుస్టేషనుల ముంగిటను, మూసిన దుకాణముల అరుగులమీదను నిద్రించువారిని లెక్కించుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. గణకుల కంటబడనివారు ఈ అంకెలలో చేరరు. అంకె ఎట్లున్నను, ఇంటితోబాటు పోవునవి గోడలును కప్పును మాత్రమే కావు. చిరునామా పోవును. దానితో రేషను కార్డు, ఓటు, బ్యాంకు ఖాతా, ఉత్తరము వచ్చు దారి అన్నియు చిక్కులలో పడును. పిమ్మట పేరు పోవును. ఫలానివారి అబ్బాయి యనియు, ఫలాని వీథి మేస్త్రి యనియు పిలిచెడివారు లేక ‘ఏయ్’ అను పిలుపొక్కటే మిగులును. కడపట పగలు పోవును. చాలచోట్ల రాత్రి ఆశ్రయములు తెల్లవారగనే తలుపులు మూయును. అది మొదలు చీకటిపడువరకు ఎక్కడ కూర్చున్నను ‘లే’ అనువారే కాని ‘రా’ అనువారుండరు.

ఇట్టివానితో మాటలాడువారు సాధారణముగ మూడు తెగలవారు. ఇక్కడ ఏల ఉన్నావని పోలీసు అడుగును. నీవెవరవు, రుజువేది యని అధికారి అడుగును. తింటివా యని దాత అడుగును. మూడవ ప్రశ్న దయతో కూడినది. దానిని మేము తక్కువ చేయము. కాని మూడింటికిని అతడీయవలసిన జవాబు ఒక్క తీరుగనే ఉండును: తనకు లేనిదానిని చెప్పుకొనుట. పాట నేర్పువాడు వచ్చి అడుగు ప్రశ్న వేరు. నీ గొంతు హెచ్చుస్థాయి నందుకొనునా, మంద్రమున నిలుచునా? ఈ పాత్రను నీవు ధరింతువా? వచ్చు మంగళవారము తప్పక రాగలవా? ఇవి అతనికి ఉన్నదానిని గురించిన ప్రశ్నలు. తాను రాకున్న కొరతపడువారు ఒకచోట ఉన్నారని అతనికి చాలకాలమునకు మరల తెలియును.

ఇందులకు లండను నగరమున జరిగిన కథ చక్కని నిదర్శనము. 1991లో బ్రిటనున గృహవసతి వ్యవహారములు చూచుచుండిన ఒక మంత్రి నోట వెలువడినదని ఒక మాట పత్రికలలో ప్రచారమైనది. ఇల్లు లేనివారనగా, ఆపెరా చూచి వెలుపలికి వచ్చునపుడు మనము దాటుకొని పోవలసినవారే గదా యని ఆ మాటకు సారాంశము. ఆపెరా యనగా మన యక్షగానమువలె గానముచేతనే కథ నడచు నాటకము. ఆ దేశమున ధనవంతుల వేడుకగ పేరుపడినది. కొంతకాలమునకు లండనులోని ఒక రాత్రి ఆశ్రయమున ఈ మాట ప్రస్తావనకు రాగా, అచ్చటి నివాసులలో, అట్లయిన మనమే ఒక ఆపెరా ఆడుదమను ఆలోచన పుట్టెను. ఆ ఆశ్రయమున పనిచేయుచు, సంగీత విషయములు పత్రికలకు వ్రాయుచుండిన మాథ్యూ పీకాక్ అను యువకుడు దానిని పట్టుకొని విడువలేదు. 2002లో స్ట్రీట్‌వైజ్ ఆపెరా అను సంస్థ ఏర్పడినది.

ఈ సంస్థ పని చేయు విధము గమనింపదగినది. ఏడాది కొకనాడు పండుగ చేసి వెళ్లిపోవుట దాని పద్ధతి కాదు. వారము వారము, ఒకే దినమున, ఒకే చోట సాధన జరుగును. నేర్పువారు సంగీతమే వృత్తిగా గలవారు. 2012లో ఒలింపిక్ క్రీడలు లండనున జరిగిన సందర్భమున, వీథిబ్రదుకు ఎరిగిన 300 మంది రాయల్ ఆపెరా హౌసు వేదిక నెక్కి ప్రదర్శన మిచ్చిరి. ఏ మందిరపు మెట్లవద్ద తమను దాటుకొని పోవలెనని వినికిడియో, అట్టి మందిరమున వారు పాడగా సభ కూర్చుండి వినెను. 2016లో ఈస్టరు దినములలో మాంచెస్టరు నగరపు పాత అంగడి భవనమున ఈ సంస్థవారు, ది సిక్స్‌టీన్ అను ప్రసిద్ధ గాయకబృందముతో కూడి, మత్తయి సువార్త ననుసరించి బాఖ్ రచించిన మహాకృతిని ప్రదర్శించిరి. నిలువ ఇల్లు లేక సంచరించినవాడని సువార్త చెప్పు యేసు పాత్రను ఇల్లు లేనితనము నెరిగినవారు ఒకరి తరువాత ఒకరుగ ధరించిరి. కడపట చేర్చిన నూతన గీతమునకు మాటలు ఆ నటులవే. స్వరములు కూర్చినది జేమ్స్ మాక్‌మిలన్ అను స్కాటిష్ విద్వాంసుడు. ఇందు పేదలకై తగ్గించి చేసిన పని యేదియు లేదు. బాఖ్ కృతి ఎవరికైనను కఠినమే. ‘వీరికి ఈమాత్రము చాలును’ అని ఎవ్వరును అనుకొనకపోవుటయే ఆ ప్రదర్శనముయొక్క గౌరవము.

అదే నగరమున 1991లోనే ఏడ్రియన్ జాక్సన్ స్థాపించిన కార్డ్‌బోర్డ్ సిటిజన్స్ అను నాటక సంస్థ మరియొక దారి త్రొక్కినది. అట్టపెట్టెలలో నిద్రించు పౌరులని ఆ పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. ఇందలి నటులలో చాలమంది ఇల్లు లేక బ్రదికినవారే. వీరి నాటకపద్ధతి బ్రెజిలు దేశీయుడైన ఆగస్తో బోల్ నుండి వచ్చినది. బోల్ 1931లో జన్మించెను. 1971లో సైనిక ప్రభుత్వముచే బంధింపబడి, హింసింపబడి, దేశాంతరము పోయెను. పీడితుల రంగస్థలమును గురించిన అతని గ్రంథము 1974లో వెలువడినది. అతని పద్ధతిలో నాటకము ఒకమారు సాంతముగ ఆడుదురు. అద్దె చెల్లింపలేక వెళ్లగొట్టబడిన ఒక తల్లి, ఆమెతో మొగమైన ఎత్తి మాటలాడని ఒక గుమాస్తా, ఇట్టి దృశ్యములు అందుండును. పిమ్మట అదే నాటకమును మరల ఆరంభింతురు. ఈసారి ప్రేక్షకులలో ఎవరైనను ‘ఆగుడు’ అని కేక వేసి, రంగముమీదికి వచ్చి, ఆ తల్లి పాత్రను తాను ధరించి, ఆమె యేమి చేసియుండవలెనో చేసి చూపవచ్చును. ఎదుటి పాత్రధారులు సులభముగ లొంగరు. నిజజీవితమున వలెనే అడ్డుపడుదురు. చూచువాడు చేయువాడగుట, అదృష్టమును నిందించుట మాని ఉపాయమును వెదకుట, ఇందలి పరమార్థము. బోల్ స్వదేశమునకు మరలివచ్చి, 1992లో రియో నగరసభకు ఎన్నికై, ఇట్టి నాటకములలో జనులు చెప్పిన సూచనలనుండి 13 శాసనములు చేయించెను. 2009లో మరణించెను. మన దేశమున పశ్చిమ బెంగాలులో 1985లో సంజయ్ గంగూలీ స్థాపించిన జన సంస్కృతి సంస్థ ఈ పద్ధతిని గ్రామములలోనికి కొనిపోయినది.

నాటకముచేత శాసనము మారునా యని సందేహించువారికి బ్రిటనులోనిదే మరియొక ఉదాహరణ చెప్పవలెను. 1966 నవంబరులో బి.బి.సి. టెలివిజనువారు కెన్ లోచ్ దర్శకత్వమున ‘కాథీ కమ్ హోమ్’ అను నాటకమును ప్రసారము చేసిరి. ఇల్లు పోయి, కడకు బిడ్డలను కూడ పోగొట్టుకొను ఒక యువతి కథ యది. కోటికి పైగా జనులు చూచిరి, దేశమంతయు కలతపడినది. ఇల్లు లేనివారికి సహాయము చేయవలసిన బాధ్యతను స్థానిక సంస్థలపై మోపిన చట్టము 1977లో వచ్చినది. అనగా కన్నీటికిని చట్టమునకును నడుమ పదునొకండేండ్లు పట్టినది. ఆ నాటకమునకు ఏబది యేండ్లు నిండిన 2016లో కార్డ్‌బోర్డ్ సిటిజన్స్ వారు ‘కాథీ’ అను పేర నూతన నాటకము నాడిరి. మొదటి దానిలో ఇతరుల కథను చూచి జనులు దుఃఖించిరి. రెండవ దానిలో ఆ అనుభవముగల సంస్థయే కథ చెప్పి, ఇప్పుడేమి చేయుదమని సభను అడిగినది.

సముద్రము దాటి అమెరికా పోయిన, లాస్ ఏంజెలిస్ నగర మధ్యమున స్కిడ్ రో అను పేట కలదు. సుమారు ఏబది వీథిఖండముల విస్తీర్ణముగల ఈ పేటలో ఇల్లు లేనివారును, ఒంటిగది వసతులలో నుండు పేదలును వేలకొలది నివసింతురు. 1976లో నగర పాలకులు, పేదల వసతులను సేవాకేంద్రములను ఈ హద్దులలోనే కుదించి ఉంచు విధానమును అవలంబించిరి. ఇచ్చట 1985లో జాన్ మాల్పీడ్ అను నటుడు స్థాపించిన నాటకసంఘమునకు ‘లాస్ ఏంజెలిస్ పావర్టీ డిపార్ట్‌మెంట్’ అని పేరు. దాని పొడి అక్షరములును ఆ నగర పోలీసు శాఖ పొడి అక్షరములును ఒక్కటే యగుట కాకతాళీయము కాదు; పేరులోనే ఒక చురుకైన ఎత్తిపొడుపు ఉన్నది. అమెరికాలో ప్రధానముగ ఇల్లు లేనివారితోనే ఏర్పడిన మొదటి నాటకసంఘముగ దీనిని చెప్పుదురు. 2010 మొదలు వీరు స్కిడ్ రో కళాకారుల కందరికిని ఉత్సవము జరుపుచు వచ్చిరి. 2015లో ఆ పేట చరిత్రకు ఒక ప్రదర్శనశాలను నెలకొల్పిరి. బికారుల పేటకు చరిత్ర యేమని మనము నవ్వవచ్చును. కాని ఒక పేటకు చరిత్ర కలదని ఒప్పుకొన్నపిదప దానిని చెత్తవలె ఊడ్చివేయుట కష్టము. అచ్చటివారు అతిథులు కారు, నివాసులు అని స్థాపించుటకే ఆ ప్రదర్శనశాల.

జపానులో ఒసాకా నగరపు కమగసాకి పేట వేరొక పాఠము నేర్పును. 1970 నాటి మహాప్రదర్శన నిర్మాణములకును, ఆ నగరపు రహదారులకును చెమటోడ్చిన దినకూలీలు నివసించిన తావిది. 1990 దశకమున పనులు సన్నగిలి, కూలీలు వృద్ధులై, అనేకులు వీథులపాలైరి. ఉయెదా కనాయో అను కవయిత్రి 2003లో కోకోరూమ్ అను కళాకేంద్రము నారంభించి, తరువాత దానిని ఈ పేటకు మార్చి, 2012లో ‘కమగసాకి కళావిశ్వవిద్యాలయము’ అను పేర తరగతులు పెట్టెను. దీనికి ప్రవేశపరీక్ష లేదు, పట్టము లేదు. కవిత్వము, అందమైన వ్రాత, సంగీతము, తత్త్వము, ఖగోళశాస్త్రము, ఎవరికి ఏది యిష్టమైన దానిని వచ్చి వినవచ్చును. 2019లో అచ్చటివారు కలసి పెరటిలో ఒక నుయ్యి త్రవ్విరి. మన్ను తవ్వుటలో, బరువు లెత్తుటలో ఆ పేటలోని ముసలి కూలీల చేతులకు గల నేర్పు ఎవరి నేర్పునకును తీసిపోదు. కళాశాలలో నుయ్యి త్రవ్వుట యేమి కళ యని అడుగరాదు. చేతి నేర్పును గౌరవించుటనుండియే కళ పుట్టినది.

ఈ నాలుగు ఉదాహరణములనుండి తేలు సారమును మన దేశమునకు అన్వయించి చూతము. 1988లో మీరా నాయర్ బొంబాయి వీథిబాలుర జీవితమును ‘సలామ్ బాంబే’ అను చిత్రముగ తీసినది. బారీ జాన్ అను నాటకశిక్షకుడు వీథిబాలురకు శిక్షణ యిచ్చి, వారిచేతనే పాత్రలు ధరింపజేసెను. ఆ చిత్రమునకు కాన్ ఉత్సవమున బహుమానము లభించినది. ఆస్కారు పోటీలో నిలిచినది. ప్రధానపాత్ర ధరించిన బాలునకు జాతీయ పురస్కారము వచ్చినది. కాని ఆ బాలుడు పిమ్మట బెంగుళూరు చేరి ఆటోరిక్షా నడుపుకొని జీవించినట్లు పత్రికలు వ్రాసినవి. ఆటోరిక్షా నడుపుట ఎంతమాత్రమును అగౌరవము కాదు. కష్టించి తినువాని కూడు పవిత్రమే. మనల నడుగవలసిన ప్రశ్న వేరు. లోకమంతయు చూచి చప్పట్లు కొట్టిన ఆ ప్రతిభకు మరునాడు వేదిక చూపినవారెవ్వరు? కరతాళధ్వనులు సద్దుమణగిన పిదప ఏమి యను ప్రశ్నకు జవాబు లేని కళాసేవ సగము సేవయే.

ఆ చిత్ర నిర్మాతలు ఈ ప్రశ్నను పూర్తిగ విస్మరింపలేదు. ఆ చిత్రమువలన వచ్చిన ధనముతో సలామ్ బాలక్ ట్రస్టు అను సంస్థ వెలసినది. ఢిల్లీలో ఆ సంస్థ వీథిబాలురకు వసతి, చదువు, వైద్యము, వానితోబాటు నాటకము, నృత్యము, ఛాయాగ్రహణము సమకూర్చినది. పడమటి బెంగాలులోని పురూలియానుండి పదునొకండేండ్ల ప్రాయమున పారిపోయి వచ్చి, ఢిల్లీ స్టేషనులో చెత్త ఏరుకొని బ్రదికిన విక్కీ రాయ్ ఈ సంస్థలో పెరిగి, ఛాయాచిత్రకారుడై, 2013లో ‘హోమ్ స్ట్రీట్ హోమ్’ అను చిత్రగ్రంథమును ప్రకటించెను. ఇచ్చట జరిగినదేమన, కళ వసతికి బదులుగ రాలేదు. వసతితో కూడి వచ్చినది. వేయిమందిలో ఒకడు కీర్తి గడించుట కూడ ముఖ్యము కాదు. తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మండుగురికి తెల్లవారి లేచి పోవుటకు ఒక చోటు, పిలుచుటకు ఒక పేరు ఉన్నవా యనునదే ముఖ్యము.

మన సుప్రీం కోర్టు 2010లో పట్టణములలో రాత్రి ఆశ్రయములు నెలకొల్పవలసినదని ప్రభుత్వములను ఆదేశించినది. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకమున ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసము నూరుమందికి చాలునట్లు శాశ్వత ఆశ్రయములు ఉండవలెనని నియమము చేసిరి. ఇవి మొదటి చోటునకు సంబంధించిన ఏర్పాటులు. వీనిని సాంతముగ అమలు జరుపుమని అడుగుట మానరాదు. రెండవ చోటును గురించి మనము ఇంకను ఆలోచింపవలసియే ఉన్నది.

తెలుగువారమైన మనకు ఈ విషయమున ఒక పాత ఋణము కూడ కలదు. ఇల్లు లేనివారియొద్దకు కళను కొనిపోవుట మనకు కొత్త కావచ్చును. ఇల్లు లేనివారినుండి కళను పుచ్చుకొనుట మనకు తరతరములనుండి వాడుక. తోలుబొమ్మలాటవారు, బుడిగ జంగములు, గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, ఊరూర తిరుగు పగటివేషగాండ్రు, వీరిలో అనేకులకు ఒక ఊరు లేదు, ఒక కప్పు లేదు. బండిమీదనో, భుజముమీదనో సంసారమును మోసికొని, ఊరి వెలుపల చెట్టుక్రింద దిగి, రాత్రి రామరావణ యుద్ధమును మన కన్నులకు కట్టి, తెల్లవారి పిడికెడు గింజలు పుచ్చుకొని పోయెడివారు. అక్షరములు రాని కోట్ల తెలుగువారికి రామాయణ భారతములు తెలిసినవన్న, అందులో వీరి పాలు కొంచెము కాదు. జంగము కథనుండియే బుర్రకథ రూపొందినది. 1940 దశకమున ప్రజానాట్యమండలి దానిని జనోద్యమములకు గళముగ చేసికొనగా, షేక్ నాజర్ వంటి మహాకళాకారుడు దానికి దేశఖ్యాతి తెచ్చెను. మనము కథలను దాచుకొంటిమి. పాటలను గ్రంథములలోని కెక్కించితిమి. చెప్పినవారు ఏ చెట్టుక్రింద నిద్రించిరో అడుగ మరచితిమి. సంచారమే వృత్తిగా గల ఈ జాతులవారును, నగరమున పని పోయి వీథిన పడిన కూలివాడును ఒక్కటే యని మేము చెప్పుట లేదు. వారి కారణములు వేరు, కష్టములు వేరు. కాని నిలువ నీడ లేనివానియందు నేర్పు ఉండునా యను సంశయము తెలుగువానికి మాత్రము రాకూడదు.

ఇపుడు పాఠశాల మాటకు వత్తము. విద్యాహక్కు చట్టము, 2009, వయస్సునకు రుజువు లేదను కారణమున ఏ బిడ్డకును ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. వలస వచ్చిన కూలీల బిడ్డలు, పాదచారుల బాటప్రక్క గుడారములలో పెరుగు బిడ్డలు మన తరగతులలో కూర్చుండుచున్నారు. లోకమున వారి పేరు మొదటిసారి అక్షరములలో ఎక్కునది తరచుగ మన హాజరు పట్టీలోనే. అట్టి తరగతిలో ‘మా ఇల్లు’ అను విషయముపై పది వాక్యములు వ్రాయుడని మనము ఎన్నిమార్లు అడుగలేదు? ఇంటిలో ఎన్ని గదులున్నవి, పెరటిలో ఏ చెట్లున్నవి యని వ్రాయలేని బిడ్డ ఒకతె వెనుక బల్లమీద పలక చూచుకొనుచు కూర్చుండవచ్చును. ఆ యంశమును మానుకొనుమని మా ఉద్దేశము కాదు. ‘నేను చూచిన ఒక తెల్లవారుజాము’, ‘మా అమ్మ చేతిపని’, ‘నాకు వచ్చిన ఒక పాట’ యని మరియొక వాకిలి కూడ తెరచియుంచిన చాలును. ఆ బిడ్డయొద్ద చెప్పదగినది యుండును. దానిని కష్టగాథగనే చెప్పుమని మనము నిర్బంధింపరాదు.

ఇది పెద్దల కార్యక్రమములకును వర్తించు నియమము. ఇల్లు పోగొట్టుకొన్నవాడు రంగమెక్కినంత మాత్రమున తన గాయమును విప్పి చూపవలెనని లేదు. అతడు రాజు పాత్రను కోరవచ్చును, హాస్యగాని పాత్రను కోరవచ్చును. తన కథ చెప్పదలచిన, ఎంతవరకు చెప్పవలెనో, ఎవరిముందు చెప్పవలెనో నిర్ణయించుకొనుట అతని హక్కు. చందాలు రాబట్టుటకై దుఃఖమును అద్దెకిచ్చు ప్రదర్శనములు యాచకత్వమునకు మెరుగుపెట్టిన రూపములే. ఒక పూట పళ్లు పంచి ఛాయాచిత్రములు తీయించుకొను సభలకును వీనికిని భేదము లేదు.

ఉపాధ్యాయులకు మా మనవి విరివియైనది కాదు. పట్టణములలోని అనేక పాఠశాలలలో సభామందిరములు సాయంకాలములందు తాళములు వేసి యుండును. వానిలో హార్మోనియము, తబల, రంగుల పెట్టెలు బీరువాలలో దుమ్ము పట్టుచుండును. దాపున రాత్రి ఆశ్రయమున్నచో, దాని నిర్వాహకులతో మాటలాడి, వారమున కొక సాయంకాలము ఆ తలుపు తెరువవచ్చును. సంగీతము వచ్చిన ఒక ఉపాధ్యాయుడు, నాటకము తెలిసిన మరియొకరు ముందునకు వచ్చిన చాలును. ఆరంభించుటకుముందు ఒక్క సంగతి ఆలోచింపవలెను: ఒక సంవత్సరమైనను మానక జరుపగలమా? జరుపలేనిచో ఆరంభింపకుండుటయే మేలు. ఎన్నోమార్లు వెళ్లగొట్టబడినవానికి మరియొక తలుపు మూసి చూపుట ఉపకారము కాదు. విద్యార్థులు అచ్చటికి పోదలచిన, ఇచ్చువారుగ మాత్రమే పోరాదు. నేర్చుకొనువారుగ కూడ పోవలెను. ఆ ఆశ్రయమున నిద్రించువారిలో డప్పు వాయించువారు, చెంచులక్ష్మి కథ నోటికి వచ్చినవారు, చెక్కపని తెలిసినవారు, నాలుగు రాష్ట్రముల భాషలెరిగినవారు ఉండవచ్చును. ఒక పాట నేర్పి ఒక పాట నేర్చుకొని వచ్చిన ఇరువురును సమానులగుదురు.

ఇక మొదటి ఆక్షేపణకు సమాధానము చెప్పి ముగింతము. కప్పు ముందా, పాట ముందా యను ప్రశ్నకు కప్పే ముందని మేము సందేహింపక చెప్పుదుము. పాటను చూపి కప్పును ఎగవేయు ప్రభుత్వమును క్షమింపరాదు. కాని కప్పు దొరకు వరకు పాటను ఆపుమనుటయు న్యాయము కాదు. పదునొకండేండ్లకు గాని చట్టము రాని లోకమున, ఆ పదునొకండేండ్లు మనుష్యుడు మనుష్యుడుగ నిలుచుటకు ఏదో ఒక ఆధారముండవలెను. ఇల్లు దొరకిన పిదప కూడ ఒంటరిగదిలో గోడలవంక చూచుచు కూర్చుండువానికి, వచ్చు మంగళవారము నీవు లేనిదే పాట సాగదని చెప్పువారు కావలెను. సంపెంగ నూనె సామెత ఆడంబరమును గురించినది. పదిమందిలో పేరుతో పిలువబడుట ఆడంబరము కాదు. మెతుకువలెనే అదియు ఆకలి తీర్చునదే. మన పాఠశాలల తాళపు చెవులు ఉపాధ్యాయుల చేతిలో నున్నవి. వారమున కొక్క సాయంకాలము ఆ తలుపులు తెరువబడునుగాక యని మా కోరిక.